ఫోన్ చేతిలోకి తీసుకున్నాకే అలారం మోగుతోంది, ఎందుకలా?

అడిగిన ప్రశ్న ఇది: "నేను స్టాఫ్ నర్సుని. తెనాలి నుంచి విజయవాడకి రైల్లో డ్యూటీకి వెళ్తాను. మార్నింగ్ డ్యూటీ ఉన్న రోజు నాలుగున్నరకే లేవాలి. భక్తి పాటతో లేపే అలారం యాప్ ఒకటి వేసుకున్నాను. ఒకరోజు మోగుతుంది, ఒకరోజు మోగదు. మోగని రోజు నాకే మెలకువ వచ్చి ఫోన్ చేతిలోకి తీసుకుంటే, సరిగ్గా అప్పుడు మోగడం మొదలుపెడుతుంది. ఛార్జింగ్‌లో పెట్టి పడుకున్న రోజు మాత్రం బాగానే మోగినట్టు గుర్తు. నాది ఆండ్రాయిడ్. మా తమ్ముడి ఐఫోన్‌లో ఈ గొడవ లేదు. మంచి యాప్ ఏదైనా చెప్తారా, లేక ఫోనే మార్చాలా?"

ఫోన్ మార్చనక్కర్లేదండీ. చాలామంది "నా అలారం మోగట్లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. మీరు మాత్రం రెండు లక్షణాలు పట్టుకుని రాశారు. ముట్టుకుంటే మోగుతుంది, ఛార్జింగ్‌లో ఉంటే మోగుతుంది. ఆ రెండూ కలిపి చూస్తే జబ్బు దాదాపు తెలిసిపోయినట్టే. పదకొండేళ్లుగా ఆండ్రాయిడ్ యాప్‌లు రాస్తున్నాను. అందులో నాలుగేళ్లు పని అంతా అలారాలూ రిమైండర్ల మీదే. సరిగ్గా ఈ రెండు లక్షణాలతోనే నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను. ముందు అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం, అది తెలిస్తే మిగతాదంతా తేలిక.

రాత్రంతా అలారం యాప్ మెలకువగా ఉండి గడియారం చూసుకుంటూ కూర్చుంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. స్క్రీన్ ఆరిపోయిన కాసేపటికి ఫోన్‌లో ప్రాసెసర్ కూడా నిద్రపోతుంది. ఆ సమయంలో ఏ యాప్ కూడా నడవదు. మేలుకుని ఉండేది ఒక చిన్న గడియారం చిప్. సెకనుకి 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం ఆధారంగా అది టైం లెక్కపెడుతుంది. గోడ గడియారాల్లో ఉండేది కూడా ఆ లెక్కే. చాలా తక్కువ కరెంటుతో నడుస్తుంది కాబట్టి రాత్రంతా ఉన్నా బ్యాటరీకి లెక్కలోకి రాదు.

అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని ఊహించుకోండి. మీరు పడుకునే ముందు "రేపు నాలుగున్నరకి లేపు" అని చీటీ రాసి ఇచ్చి పడుకున్నారు. అలారం యాప్ చేసే పని అదే. ఆండ్రాయిడ్ సిస్టమ్‌కి చీటీ ఇచ్చి తను నిద్రపోతుంది. సిస్టమ్ ఆ టైంని గడియారం చిప్‌కి అప్పజెప్తుంది. టైం కాగానే చిప్ ప్రాసెసర్‌ని లేపుతుంది, సిస్టమ్ యాప్‌ని లేపుతుంది, యాప్ పాట మోగించి మిమ్మల్ని లేపుతుంది. ఈ గొలుసులో ఎక్కడ ఒక లింకు తెగినా మీకు తెలిసేది ఒక్కటే, "మోగలేదు" అని. కానీ ఎక్కడ తెగిందో బట్టి మందు మారుతుంది.

అసలు కిటుకు చీటీలో ఉంది. చీటీలు అన్నీ ఒకటి కాదు. "నాలుగున్నర ప్రాంతంలో లేపు" అని రాయొచ్చు, "సరిగ్గా నాలుగున్నరకి" అని రాయొచ్చు. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 దాకా ఆ తేడా అంతగా ఉండేది కాదు. ఆ వెర్షన్ నుంచి, మామూలుగా ఇచ్చే చీటీని సిస్టమ్ "ఆ ప్రాంతంలో" అనే అర్థం చేసుకోవడం మొదలుపెట్టింది. పది యాప్‌లు పది టైంలకి లేపమంటే పదిసార్లు లేవకుండా, అన్నీ కలిపి ఒకే రౌండ్‌లో లేపితే బ్యాటరీ మిగులుతుంది కదా. వాచ్‌మన్ ఒక్కో ఫ్లాట్‌కి ఒక్కోసారి మెట్లెక్కకుండా ఒకేసారి అన్ని తలుపులూ తట్టి వచ్చినట్టు. సరిగ్గా ఆ టైంకే కావాలంటే వేరే చీటీ రాయాలి.

2015లో ఆండ్రాయిడ్ 6.0తో పాటు డోజ్ అనే ఏర్పాటు వచ్చింది. మీ కేసు ఇక్కడే ఉందని నా నమ్మకం. ఫోన్ ఛార్జింగ్‌లో లేకుండా, స్క్రీన్ ఆరి, కదలకుండా చాలాసేపు పడి ఉంటే సిస్టమ్ గాఢనిద్రలోకి వెళ్తుంది. మధ్య మధ్యలో కాసేపు కళ్లు తెరిచి పెండింగ్ పనులు చూసి మళ్లీ పడుకుంటుంది. రాత్రి గడిచేకొద్దీ అలా కళ్లు తెరిచే విరామాలు దూరం అవుతూ పోతాయి. ఈ గాఢనిద్రలో "సరిగ్గా నాలుగున్నరకి" అన్న చీటీ కూడా చెల్లదు. దాన్నీ పక్కనబెట్టి, తర్వాతి విరామంలోనో, మీరు స్క్రీన్ వెలిగించినప్పుడో తీస్తుంది. ఇప్పుడు మీ లక్షణాలు చూడండి. ఫోన్ చేతిలోకి తీసుకున్నారు, డోజ్ పోయింది, ఆగి ఉన్న చీటీ బయటికి వచ్చింది, పాట మొదలైంది. ఛార్జింగ్‌లో పెట్టిన రోజు ఫోన్ డోజ్‌లోకే పోలేదు, కాబట్టి టైంకి మోగింది. రెండూ అతికినట్టు సరిపోతున్నాయి.

మరి దీనికి ఆండ్రాయిడ్‌లో దారి లేదా అంటే, ఉంది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0లోనే అచ్చంగా అలారం గడియారాల కోసం ఒక ప్రత్యేకమైన చీటీ పెట్టారు. యాప్ ఆ చీటీ ఇస్తే, అలారం టైంకి కొంచెం ముందే సిస్టమ్ డోజ్ నుంచి బయటికి వచ్చేస్తుంది. పైగా "ఇది మనిషిని లేపే అలారం" అని సిస్టమ్ గుర్తించి, స్క్రీన్ పైన స్టేటస్ బార్‌లో చిన్న గడియారం గుర్తు చూపిస్తుంది. ఇంకో మధ్యరకం చీటీ కూడా ఉంది, డోజ్‌లో ఉన్నా లేపుతుంది, కానీ ఒక్కో యాప్‌కి తొమ్మిది నిమిషాలకి ఒకసారి కంటే ఎక్కువ ఒప్పుకోదు. రిమైండర్లకి అది చాలు, మనిషిని లేపడానికి కాదు.

కాబట్టి యాప్ మంచిదా కాదా అని చూడటానికి ప్లే స్టోర్‌లో నక్షత్రాలు లెక్కపెట్టకండి. అలారం పెట్టాక స్టేటస్ బార్‌లో గడియారం గుర్తు వచ్చిందా, కొన్ని ఫోన్లలో లాక్ స్క్రీన్ మీద కూడా "4:30" అని తర్వాతి అలారం టైం కనబడుతుంది, అది కనబడుతోందా చూడండి. ఒక జాగ్రత్త, ఆ గుర్తు వేరే యాప్‌లో పెట్టిన అలారం వల్ల కూడా రావచ్చు. మిగతావన్నీ ఆపేసి ఇది ఒక్కటే పెట్టి చూడండి. గుర్తు రాకపోతే ఆ యాప్ మామూలు చీటీతో బండి లాగిస్తోందన్నమాట. అలాంటి యాప్‌ని నమ్మి మార్నింగ్ డ్యూటీకి పడుకోవద్దు.

ఇక నా సంగతి. 2016లో మేము ఒక చిన్న టీమ్‌గా మందుల రిమైండర్ యాప్ చేస్తున్నాం. బీపీ, షుగర్ మాత్రలు టైంకి వేసుకోమని గుర్తుచేసేది. ఆఫీసులో నెలరోజులు పరీక్షించాం, ఒక్కసారి కూడా తప్పలేదు. రిలీజ్ అయిన రెండు వారాలకి గుంటూరు వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "బాబూ, మీ యాప్ నేను ఫోన్ ముట్టుకుంటేనే గుర్తుచేస్తోంది. ముట్టుకోవాలని గుర్తుండేవాడినైతే మాత్ర కూడా గుర్తుండేది కదయ్యా" అన్నారు. నాకు ఏమీ అర్థం కాలేదు. మా టెస్ట్ ఫోన్లు ఆరు, టేబుల్ మీద వరసగా ఉన్నాయి, అన్నీ టైంకి మోగుతున్నాయి. మూడు రోజులు కోడ్ అంతా తిరగేశాను. నాలుగో రోజు సాయంత్రం ఇంటికి వెళ్తూ ఒక ఫోన్‌ని కేబుల్ పీకి బ్యాగులో వేసుకున్నాను. ఇంటికి వచ్చాక దాన్ని బల్ల మీద పెట్టి వదిలేశాను. రాత్రి తొమ్మిదికి మోగాల్సింది మోగలేదు. తొమ్మిదిన్నరకి అనుమానం వచ్చి పవర్ బటన్ నొక్కగానే మోగింది.

అప్పటికి అర్థమైంది. ఆఫీసులో ఆ ఆరు ఫోన్లూ రాత్రీపగలూ కంప్యూటర్లకి యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి ఉండేవి. కేబుల్ అంటే ఛార్జింగే. వాటికి డోజ్ ఎన్నడూ రాలేదు. మా కళ్ల ముందు ఆ తప్పు కనబడే అవకాశమే లేదు. కోడ్‌లో ఒక్క లైను మారిస్తే సరిపోయింది. కానీ ఆ రెండు వారాల్లో ఎంతమంది మాత్ర మానేసి ఉంటారో అన్న బాధ ఇప్పటికీ ఉంది. అందుకే మీరు "ఛార్జింగ్‌లో పెట్టిన రోజు మోగుతుంది" అని రాయగానే నాకు ఆ టేబులే గుర్తొచ్చింది.

సరే, ఇప్పుడు మీ ఫోన్‌లో చూడాల్సినవి. మొదట సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో స్పెషల్ యాప్ యాక్సెస్, అక్కడ అలారమ్స్ అండ్ రిమైండర్స్ అని ఉంటుంది. సరిగ్గా టైంకి లేపమనే చీటీ ఇవ్వాలంటే యాప్‌కి ఈ అనుమతి ఉండాలి. 2021లో ఆండ్రాయిడ్ 12తో ఇది వచ్చింది. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 నుంచి, కొత్తగా వేసుకునే చాలా యాప్‌లకి ఇది మొదట్నుంచీ ఆఫ్‌లోనే ఉంటుంది. అలారం, క్యాలెండర్ లాంటి యాప్‌లకి మాత్రం ఇన్‌స్టాల్ చేయగానే వచ్చే వేరే అనుమతి ఉంది, కానీ యాప్ చేసినవాళ్లు దాన్ని అడిగి ఉండాలి. మీ భక్తి పాటల యాప్ అసలు పాటల యాప్ అయి ఉండి, అలారం ఒక అదనపు సౌకర్యంగా పెట్టి ఉంటే, ఈ అనుమతి దగ్గరే ఆగి ఉండే అవకాశం చాలా ఉంది.

అదే చోట ఫుల్ స్క్రీన్ నోటిఫికేషన్స్ కూడా చూడండి. అలారం మోగినప్పుడు స్క్రీన్ మొత్తం వెలిగి "ఆపు", "స్నూజ్" అని కనబడాలంటే అది కావాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకి కూడా విడిగా అనుమతి అడుగుతుంది. కొత్త యాప్ తెరవగానే వచ్చే ఆ ప్రశ్నకి అలవాటుగా "వద్దు" కొట్టేస్తాం. అలారం యాప్‌కి అలా కొట్టేస్తే చాలా వాటిలో స్క్రీన్ మీద ఏమీ కనబడదు. పాట ఎక్కడినుంచో వస్తుంటే ఆపడానికి చీకట్లో వెతుక్కోవాలి.

తర్వాత బ్యాటరీ. యాప్ ఇన్ఫోలో బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టండి. డోజ్ అన్నది గూగుల్ పెట్టిన ఏర్పాటు, దానికి రాసిపెట్టిన నియమాలు ఉన్నాయి. దాని మీద చాలా ఫోన్ కంపెనీలు తమ సొంత బ్యాటరీ పొదుపు కూడా కలుపుతాయి. వాటి పేర్లు ఫోన్ ఫోన్‌కీ మారతాయి. ఒకదాంట్లో ఆటోస్టార్ట్, ఇంకోదాంట్లో డీప్ స్లీపింగ్ యాప్స్, మరోదాంట్లో బ్యాక్‌గ్రౌండ్ యాక్టివిటీ. మీ ఫోన్‌లో ఏ పేరుతో ఉన్నా, అలారం యాప్‌ని ఆ కట్టడి నుంచి బయటికి తీయాలి. ఏ కంపెనీ ఫోన్‌లో ఏం నొక్కాలో వివరంగా రాసిన "డోంట్ కిల్ మై యాప్" అనే సైట్ ఉంది. స్లీప్ యాజ్ ఆండ్రాయిడ్ అనే అలారం యాప్ చేసే చెక్ రిపబ్లిక్ టీమ్ దాన్ని నడుపుతుంది. నేను ఇప్పటికీ కొత్త ఫోన్ చేతికి రాగానే అక్కడే చూస్తాను.

ఇంకో అలవాటు గురించి తప్పక చెప్పాలి. రాత్రి పడుకునే ముందు రీసెంట్ యాప్స్ తెరిచి "క్లియర్ ఆల్" కొట్టడం. ఫోన్ శుభ్రంగా ఉంటుందని మన ఇళ్లల్లో చాలామందికి ఇది దీపం ఆర్పినంత అలవాటు. మామూలు ఆండ్రాయిడ్‌లో దానివల్ల అలారానికి ఏమీ కాదు, చీటీ వాచ్‌మన్ దగ్గరే భద్రంగా ఉంటుంది. కానీ కొన్ని ఫోన్లలో ఇది ఫోర్స్ స్టాప్‌తో సమానం. ఫోర్స్ స్టాప్ చేస్తే ఆ యాప్ ఇచ్చిన చీటీలన్నీ సిస్టమ్ చించేస్తుంది, మళ్లీ మీరు యాప్ తెరిచేదాకా కొత్తవి రావు. ర్యామ్ క్లీనర్, ఫోన్ బూస్టర్ లాంటివి ఉంటే తీసేయండి. వాటితో వచ్చే లాభం ఏమీ లేదు, ఈ నష్టం మాత్రం ఉంది.

రాత్రిపూట ఫోన్ తనంతట తాను రీస్టార్ట్ కావడం ఇంకో చిక్కు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రాత్రి రెండింటికో మూడింటికో ఇన్‌స్టాల్ అయ్యేలా పెట్టి ఉంటుంది, కొన్ని ఫోన్లలో వారానికోసారి ఆటో రీస్టార్ట్ కూడా ఉంటుంది. రీస్టార్ట్ అయితే చీటీలన్నీ పోతాయి. ఫోన్ లేవగానే యాప్ మళ్లీ రాసి ఇవ్వాలి. చిక్కేమిటంటే రీస్టార్ట్ తర్వాత మీరు పిన్ కొట్టేదాకా చాలా యాప్‌ల డేటా తాళంలో ఉంటుంది. ఆ తాళం తీయకముందే అలారం లాంటివి పనిచేసేలా 2016లో ఆండ్రాయిడ్ 7తో ఒక దారి తెచ్చారు, కానీ యాప్ దాన్ని వాడుకుని ఉండాలి. ఫోన్‌తో వచ్చే క్లాక్ యాప్‌లు సాధారణంగా వాడుకుంటాయి. చిన్న యాప్‌లలో చాలావాటికి ఆ సంగతే పట్టదు. వాడుకున్నా సరే, మీరు డౌన్‌లోడ్ చేసిన పాట ఆ తాళంలోనే ఉంటుంది కాబట్టి, మంచి యాప్ అయితే బదులుగా మామూలు టోన్ మోగిస్తుంది, కాకపోతే నిశ్శబ్దంగా ఉండిపోతుంది. ఆటో అప్‌డేట్‌ని రాత్రి కాకుండా మీరు చేతితో చేసుకునేలా మార్చండి.

ఇదంతా విన్నాక నేను చెప్పే యాప్ ఏదో మీరు ఊహించే ఉంటారు. ఫోన్‌తో పాటు వచ్చిన క్లాక్ యాప్. అది సిస్టమ్‌లో భాగంగా వస్తుంది, ఫోన్ కంపెనీ తన సొంత బ్యాటరీ పొదుపు నుంచి దాన్ని తప్పించే పెడుతుంది. మీ భక్తి పాట కూడా వదులుకోనక్కర్లేదు. చాలా క్లాక్ యాప్‌లలో టోన్ ఎంచుకునే చోట ఫోన్‌లో ఉన్న ఆడియో ఫైల్ కలుపుకోవచ్చు. గూగుల్ క్లాక్‌లో అయితే సౌండ్ లిస్టులో యాడ్ న్యూ అని ఉంటుంది. నెట్‌లోంచి ప్లే అయ్యే పాట మాత్రం పెట్టకండి, నాలుగున్నరకి వైఫై లేకపోతే కష్టం. ఫైల్ మెమరీ కార్డులో కాకుండా ఫోన్‌లోనే ఉండాలి.

పాట విషయంలో ఒక చిన్న పరిశీలన. భక్తి పాటలు చాలావరకు తంబూరా శ్రుతితో మొదలవుతాయి. ఒకసారి మా అమ్మ ఫోన్‌లో ఉన్న పాట చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. మొదటి ముప్పై సెకన్లు శ్రుతి తప్ప ఇంకేం లేదు, అది కూడా ఫ్యాన్ చప్పుడులో కలిసిపోయేంత సన్నగా. దానికి తోడు క్లాక్ యాప్‌లో వాల్యూమ్ మెల్లగా పెరిగే సెట్టింగ్ ఆన్‌లో ఉంది. పాట అసలు వినబడేసరికి ఒక నిమిషం పడుతోంది. ఆడియో కట్ చేసే ఏ యాప్‌తోనైనా గొంతు మొదలయ్యే చోటునుంచి కత్తిరించి పెట్టుకుంటే సరిపోతుంది. పాటతో లేవాలనుకోవడం మాత్రం మంచి ఆలోచనే. 2020లో మెల్‌బోర్న్‌లోని ఆర్ఎమ్ఐటీ యూనివర్సిటీ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, బీప్ బీప్‌మనే అలారంతో లేచేవారికంటే రాగం ఉన్న అలారంతో లేచేవారు తక్కువ మత్తు ఉన్నట్టు చెప్పారు. చిన్న అధ్యయనమే, యాభైమంది చెప్పినదాన్ని బట్టి చేసింది. కానీ లేవగానే రైలు పట్టుకోవాల్సిన మీలాంటివారికి ఆ మాత్రం తేడా కూడా అక్కరకొస్తుంది.

శబ్దం గురించి మిగతాది త్వరగా చెప్పేస్తాను. ఆండ్రాయిడ్‌లో అలారం వాల్యూమ్ వేరు, రింగ్‌టోన్ వాల్యూమ్ వేరు. సైలెంట్‌లో పెట్టినా అలారం మోగుతుంది. డు నాట్ డిస్టర్బ్‌లో మామూలుగా అలారాలకి మినహాయింపు ఉంటుంది. కానీ ఆ మినహాయింపు తీసేయడానికీ వీలుంది, టోటల్ సైలెన్స్ అనే పద్ధతిలో అయితే అలారం కూడా ఆగిపోతుంది. నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునే రోజుల్లో మీరు డు నాట్ డిస్టర్బ్ వాడుతుంటారు కాబట్టి ఒకసారి లోపలికి వెళ్లి అలారమ్స్ ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. ఫోన్ దిండు కింద పెట్టుకుంటే స్పీకర్ మూసుకుపోతుంది. మా నాన్నగారు ఫోన్‌ని ఖాళీ స్టీలు గిన్నెలో పెట్టి స్టూలు మీద ఉంచుతారు. వైబ్రేషన్‌కి గిన్నె అదురుతుంటే పక్కగదిలో ఉన్నవాళ్లం కూడా లేస్తాం. చాలా మంచి పద్ధతి అది.

మీ డ్యూటీలు మారుతుంటాయి కాబట్టి ఇంకో మాట. వారం రోజులు రిపీట్ పెట్టి, వద్దన్న రోజు ఆపి, మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవడం మీలాంటివాళ్లలో ఎక్కువగా చూశాను. రిపీట్ మానేసి, డ్యూటీ చార్ట్ రాగానే కూర్చుని ఏ డ్యూటీకి ఆ పేరుతో అలారాలు పెట్టుకోండి, "మార్నింగ్", "ఆఫ్టర్‌నూన్", "నైట్" అని. రోజూ పడుకునే ముందు రేపటిది ఒక్కటే ఆన్ చేయండి. ఆన్ చేయగానే కింద "ఇంకా 6 గంటల 40 నిమిషాల్లో" అని ఒక క్షణం కనబడుతుంది. దాన్ని చదవకుండా ఫోన్ పక్కన పెట్టకండి. ఏఎం బదులు పీఎం పడితే అది "18 గంటల 40 నిమిషాల్లో" అని చెప్పేస్తుంది. ఇంకా నిశ్చింత కావాలంటే ఫోన్‌ని 24 గంటల లెక్కకి మార్చేయండి, హాస్పిటల్ చార్టుల్లో మీకు అలవాటైన లెక్కే కదా. రాత్రి పన్నెండు ఏఎమ్మా పీఎమ్మా అన్న తికమక అసలే ఉండదు.

అలారం మోగిందా, మోగినా మీకు తెలియలేదా అన్నది కూడా తేల్చుకోవాలి. రెండూ వేరు వేరు సమస్యలు. గూగుల్ క్లాక్‌లో అలారం ఎవరూ ఆపకపోతే మామూలుగా 10 నిమిషాలు మోగి ఆగిపోయి, "మిస్డ్ అలారం" అని నోటిఫికేషన్ వదిలి వెళ్తుంది. పొద్దున్నే అది కనబడితే ఫోన్ తన పని చేసిందనే లెక్క. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ హిస్టరీ అని ఉంటుంది, అది ఆన్ చేసి పెట్టుకుంటే ఏ యాప్ నోటిఫికేషన్ ఎన్నింటికి వచ్చిందో తెలుస్తుంది. పాత యాప్ అలారం 4:30కి బదులు 5:12కి వచ్చినట్టు అందులో కనబడితే, నేను చెప్పిన డోజ్ కథ మీ కేసులో ఖాయం.

మోగినా లేవలేకపోతున్నారంటే, లెక్కలు చేయించేవి, బాత్రూంలో ఉన్న సబ్బు కవర్ మీది బార్‌కోడ్ స్కాన్ చేస్తేగానీ ఆగనివి ఉన్నాయి. అలార్మీ వాటిలో పేరున్నది, కొరియా వాళ్లది. పనిచేస్తాయి, కాదనను. కానీ వాటిని మొదటి అలారంగా పెట్టకండి. నాలుగున్నరకి ఫోన్ క్లాక్, నాలుగు ముప్పై అయిదుకి అది, అలా వాడండి. రెండూ ఒకే నిమిషానికి పెడితే శబ్దాలు ఒకదాన్నొకటి తొక్కేసుకుంటాయి. ఏ అలారం యాప్ అయినా మీ కాంటాక్ట్స్, ఎస్ఎంఎస్‌లు అడిగితే ఇవ్వొద్దు. నిద్రలో గురక, కదలిక రికార్డు చేసే యాప్‌లకి మైక్ కావాలి, అది న్యాయమే. టైంకి మోగించడానికి మీ కాంటాక్ట్స్‌తో ఏం పని?

ఇక మీ తమ్ముడి ఐఫోన్. అక్కడ గొడవ లేకపోవడానికి కారణం, ఐఫోన్‌లో చాలాకాలం నిజమైన అలారం యాపిల్ క్లాక్ ఒక్కటే. బయటి యాప్‌లకి 30 సెకన్లకి మించని శబ్దంతో నోటిఫికేషన్ పంపడం, లేదా రాత్రంతా వెనక ఏదో ఆడియో నడుపుతూ ఉండటం తప్ప దారి ఉండేది కాదు. 2025లో ఐఓఎస్ 26తో అలారమ్‌కిట్ అనే ఏర్పాటు తెచ్చి, బయటి యాప్‌లకి కూడా సైలెంట్‌ని దాటి మోగే హక్కు ఇచ్చారు. అలాగని ఐఫోన్‌లో అలారం ఎన్నడూ తప్పలేదనుకోకండి. 2011 జనవరి 1, 2 తేదీల్లో రిపీట్ పెట్టని ఐఫోన్ అలారాలు ప్రపంచమంతటా మోగలేదు. 3వ తేదీ నుంచి వాటంతట అవే సర్దుకున్నాయి. 2024 ఏప్రిల్ ఆఖర్లో కూడా కొందరికి మోగడం లేదని యాపిల్ ఒప్పుకుంది. మీ తమ్ముడికి ఒకటి చెప్పండి, ఐఫోన్‌లో అలారం శబ్దం రింగ్‌టోన్ వాల్యూమ్‌తో ముడిపడి ఉంటుంది. పగలు ఎప్పుడో రింగ్‌టోన్ తగ్గిస్తే తెల్లారి అలారం కూడా తగ్గుతుంది.

ఏ ఫోన్ అయినా ఒక లోటు ఉంది. పాత నోకియా ఫోన్ స్విచాఫ్ చేసినా టైంకి లేచి మోగి, "ఫోన్ ఆన్ చేయాలా?" అని అడిగేది. ఇప్పటి ఫోన్లు చాలావరకు అలా చేయవు. బ్యాటరీ అయిపోతే అంతే. అందుకని ఇంటర్వ్యూ, పరీక్ష, తప్పిపోకూడని రైలు ఉన్న రోజుల్లో పెన్సిల్ సెల్ వేసే చిన్న టైంపీసు ఒకటి పక్కన ఉంచుకోమంటాను. నా దగ్గరా ఉంది, ఊరెళ్లినప్పుడు బ్యాగులో దాని చోటు దానికి ఉంది.

ఈ రాత్రి ఇలా చేసి చూడండి. రేపు ఆఫ్ అయితే మరీ మంచిది, టెన్షన్ లేకుండా పరీక్షించొచ్చు. ఫోన్ క్లాక్‌లో మీ పాట పెట్టి నాలుగున్నరకి ఒక అలారం, పాత యాప్‌లో అంతకంటే బాగా ముందు, మూడింటికి ఒకటి పెట్టండి. నోటిఫికేషన్ హిస్టరీ ఆన్ చేయండి. ఛార్జర్ తీసేసి ఫోన్‌ని గట్టి బల్ల మీద, మంచానికి దూరంగా, ఎవరూ కదపని చోట పెట్టండి. రాత్రి మధ్యలో టైం చూడాలనిపించినా ఫోన్ ముట్టుకోవద్దు, ముట్టుకుంటే డోజ్ చెడిపోయి పరీక్ష వృథా అవుతుంది. పొద్దున్నే ఏది ఎన్నింటికి మోగిందో చూసి, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్‌తో పాటు ఇక్కడ రాయండి. ఫోన్ క్లాక్ కూడా ఆలస్యమైతే అది వేరే సమస్య, అప్పుడు దాని సంగతి చూద్దాం.